మార్చి పెట్టిన మూతలు

మంగళవారం, రాత్రి

లేదు మామా, నేను పోతే నీ అబిడ్స్ దుకాణం మూతపడదు. నిన్న డ్రైవర్ ఉద్యోగం దొరికిందని చెబితే నువ్వు "డ్రైవర్ నౌకరి నీకెందుకురా? నువ్వు పోతే గీ రెజిన్ ఎవడు పోస్తడు? నేను పోస్తే సగం నేలకే పాయె" అన్నావు.

బడి మానేసి వచ్చిన నాకు ఈ పని నేర్పింది నువ్వే. ఎండిన పెళ్లిదండలు పాడవకుండా వాటి మీద పోసే, గాజులా గట్టిపడే ఆ రెజిన్‌ను చుక్క కారకుండా కొలవడం, డబ్బా మూతి తుడిచి బిగించడం బాగా వచ్చేశాయి. అవే నన్ను కట్టేశాయి. పని చెడగొడితే నువ్వే వెళ్లగొడతావనుకున్నాను. సాయంత్రం కావాలనే రెజిన్ మూత, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ డబ్బాకు, దాని మూత దీనికి పెట్టాను. మూతలకు, డబ్బా మూతులకు అంటుకున్న రెండూ కలిసి తెల్లారేసరికి రాయిలా గట్టిపడతాయి. ఆ డబ్బాలు ఇక తెరుచుకోవు.

షట్టర్ దించుతుంటే తాళంచెవి నా చేతిలో పెట్టి, "నువ్వున్నవని నాకు ఫికర్ లేదురా" అన్నావు.

రేపు నన్ను అనుమానించవు. "నేనే చూసుకోక మార్చిన్నేమో, వీడు లేకుంటే నాతోని కాదు" అనుకుంటావు. అప్పుడు నన్ను అసలే పోనివ్వవు.

ఆ మూతలు ఇంకా గట్టిపడి ఉండవు. తాళంచెవి నా దగ్గరే ఉంది. ఇక్కడ నాంపల్లి నుంచి దుకాణానికి నడిస్తే ఎంతసేపు! పోయి మూతలు సరిగా పెట్టేయాలి.