వేళ్లకు దొరకనిది

అక్కా,

కుశల ప్రశ్నలు తర్వాత. ముందు కూర్చుని చదువు. నాకు రొమ్ములో ఆపరేషన్ అయింది. బాగానే ఉన్నాను. నీకు చెప్పలేదు. నువ్వు ఏడిస్తే నా ధైర్యం నీరుగారిపోతుందని భయపడ్డాను.

మామోగ్రామ్‌లో గడ్డ కనిపించింది, సూది పరీక్షలో క్యాన్సరని తేలింది. నేను నమ్మలేదు. ఇన్నేళ్లుగా మిల్లులో తానులు తడిమి, కంటికి ఆనని ముడిని కూడా పట్టుకున్న వేళ్లు మనవి. ఎంత వెతికినా ఏమీ తగల్లేదు. "లేనిదాన్ని ఎలా కోస్తారు?" అని డాక్టరమ్మతో పోట్లాడి, ఆపరేషన్ వద్దని లేచి వచ్చేశాను కూడా. ఆవిడ గుమ్మం దాకా నా వెంటే వచ్చింది. "నా వేళ్లకూ తగల్లేదమ్మా. అందుకే ఇప్పుడే తీసేద్దామంటున్నా. చేతికి తగిలేదాకా ఆగితే చిన్న కోతతో పోదు" అంది. వెనక్కొచ్చి ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను.

స్కాన్‌లో చూస్తూ, బియ్యపు గింజకన్నా చిన్న అయస్కాంతపు ముక్కను సూదితో గడ్డలో పెట్టారు. ఆపరేషన్ రోజు మత్తు ఇవ్వకముందు, డాక్టరమ్మ ఆ అయస్కాంతాన్ని పసిగట్టే పెన్నులాంటి పరికరాన్ని నా మీద ఆనించి జరిపింది. ఒకచోట సన్నగా కూత మొదలై, ఇంకాస్త జరిపేసరికి గోల గోల చేసింది. "విన్నావా? అక్కడ దాక్కుంది దొంగ" అంది. ఆ బల్ల మీద పడుకుని నవ్వాను అక్కా! ఆ కూత వెంటే వెళ్లి గడ్డ మొత్తం తీసేశారు. చుట్టూ అంచుల్లో ఏమీ మిగల్లేదట. ఆవిడ చేతులు కళ్లకద్దుకున్నాను.

నువ్వూ ఇదివరకటి నాలాగే, "నా వేళ్లు చాలు" అంటూ మామోగ్రామ్ టెస్టు ఎగ్గొడుతున్నావు. నా మీద ఒట్టు, వెళ్లిరా.

నీ మొండిఘటం

చిన్నీ,

ఒక్కదానివే అంతా పడ్డావని తెలిసి కుమిలిపోయాను, తర్వాత ఒళ్లు మండిపోయింది. నాకేమీ లేదని తేల్చుకుని, ఆ కాగితం నీ మొహాన కొడదామనే టెస్టుకు వెళ్లాను.

ఉందట. నీదానికన్నా చిన్నది.

ఇంటికొచ్చి తడుముకున్నాను. ఏమీ తగల్లేదు. నువ్వు రాయకపోతే ఈ వేళ్లనే నమ్ముకుని ఉండేదాన్ని. నీకు బట్ట తడమడం నేర్పింది నేను. ఇవాళ నా ప్రాణం కాపాడింది నువ్వు. చిన్నదానివైనా నీకు దండం పెడుతున్నానే తల్లీ.

సూది పరీక్షలోనూ అదేనని తేలింది, సోమవారం ఆపరేషన్. నీ అంత గుండె నిబ్బరం నాకు లేదు. నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటేనే లోపలికి వెళ్తాను.

నీ అక్క