సుద్దగీతలు పెట్టొద్దు

ఏవండీ, డ్యూటీకి వెళ్తున్నాను, వచ్చేసరికి ఆరవుతుంది. తల్లికుక్కకి పాలు చాలట్లేదు కదా, పన్నెండింటికి ఐదు పిల్లలకీ సీసాతో పట్టండి. పాలు గోరువెచ్చగా ఉండాలి, మీరు తాగే టీలా పొగలు కక్కకూడదు.

తాగినదాని వీపు మీద బట్టలకి గీసే సుద్దతో గీత పెట్టే తెలివి ఇక చాలు. నిన్న మీరు గీత పెట్టడం, వెనకాలే తల్లి వచ్చి నాకేయడం. ఆ బొద్దుది మూడుసార్లు తాగి పీపాలా దొర్లుతోంది. తెల్లచెవిదేమో చుక్క పాలు లేక రాత్రంతా కుయ్యోమంది. ముప్పై ఏళ్లుగా ఊరందరి కొలతలూ తీసే మనిషి ఐదు కుక్కపిల్లల్ని లెక్కపెట్టలేకపోయారు! ఇవాళ ముందు తెల్లచెవిదానికే పట్టండి. తాగినదాన్ని తాగినట్టు తీసి బట్టలబుట్టలో పెట్టండి.

నాలుగింటికి బేకరీ ఆయన వచ్చి తనకేది కావాలో చూసుకుంటాడట. "పాలు మానగానే అన్నిటినీ ఇచ్చేయాలి, ఇంట్లో ఒక్కటి మిగిలినా నేనూరుకోను" అని ఇల్లెగిరిపోయేలా అరిచింది మీరే. కాబట్టి ఐదింటినీ చూపించండి.

అన్నట్టు, కత్తెర కోసం ఇప్పుడే మీ సొరుగు తీశాను. బట్టల అడుగున ఎర్ర మెడపట్టీ కనిపించింది. అంత సన్నటి మెడ ఈ ఇంట్లో తెల్లచెవిదానికి తప్ప ఎవరికీ లేదు.

బేకరీ ఆయనకి నాలుగే చూపించండి. పట్టీ మాత్రం విప్పి మళ్లీ కుట్టండి. పెరిగే పిల్లకి రెండంగుళాలు లోపలికి మడిచి కుట్టాలని మీకు నేను చెప్పాలా?