నాయన పాదాల తిమ్మిరి

నాయనా,

ఎనిమిది గంటల బస్సుకు ప్రొద్దుటూరు పోతున్నాను. పదింటికి నర్సు వరమ్మ వచ్చి నీకు సూది వేస్తుంది, ఇంట్లోనే ఉండు. గొర్రెల్ని చిన్నాయన తోలుకుపోతాడు.

జమ్మలమడుగులో మనిద్దరం చేయించుకున్న రక్త పరీక్షల రిపోర్టులు నిన్న సాయంత్రం తెచ్చాను. నువ్వు పడుకున్నావని లేపలేదు. "కాళ్లు మొద్దుబారేది వయసుకమ్మా, దానికి రక్తమెందుకు తీయల్ల?" అన్నావు కదా. చెప్పు జారిపోయినా తెలియని ఆ తిమ్మిరి వయసుది కాదు. నీ ఒంట్లో బి12 విటమిన్ బాగా తగ్గిపోయింది.

"ఏం తింటాండాడు మీ నాయన?" అని డాక్టరు అడిగాడు. పార్టీ గొడవల్లో పెదనాయన చనిపోయిన రోజు నువ్వు ఒట్టు పెట్టుకున్నావని, ఎదుటి వర్గం ఓడేదాకా మాంసం, గుడ్లు, పాలు ముట్టనన్నావని, ఆరేళ్లయిందని చెప్పాను.

"అవన్నీ మానినోళ్లు ఏడాదికొకసారన్నా ఈ పరీక్ష చేయించుకోవల్లమ్మా. ఇంకా ఆలస్యమైతే నరాలు పూర్తిగా దెబ్బతినేవి. టయానికి వచ్చినారు, సూదులతో కుదురుకుంటాడు" అన్నాడు. ఆ మాటతో నా మనసు తేలికపడింది.

ఒకటి రాస్తాను, కోపం తెచ్చుకోకు. మొన్న మన నాయకుడు ఎదుటి వర్గం వాళ్ల పార్టీలోనే చేరాడు. ఇప్పుడు వాళ్లు ఓడితే మనమూ ఓడినట్టే. ఆ ఒట్టు ఇంకా ఎవరి కోసమో నువ్వే ఆలోచించు. ఉట్టిలో పెరుగు ఉంది.

నాగులమ్మ

అన్నట్టు, నా రక్తంలో ఆ విటమిన్ నిండుగా ఉంది. ఈ ఆరేళ్లూ నీ వంతు పాలు కూడా నా గ్లాసులోనే పోశావు కదా.