నా నోటితోనే చెప్పించిండు

తాండూరు
12 జూన్ 1984, మంగళవారం

నాయిన గిట్ల చేస్తడని కలల గూడ అనుకోలే.

పప్పుల కాడికెల్లి చీరల దాక అన్నీ ఒక్కతాన్నే అమ్మే పెద్ద దుకాణం స్టేషన్ రోడ్డు మీద పెడతరంట. అది రావద్దని రేపు బజారంత బంద్. బంద్ చేద్దామన్నది నాయిననే. పొద్దున దుకాణదారులందరి ముందర, "నా పానం పోయినా రానియ్య" అని ఒర్లిండు.

మధ్యాహ్నం ఆ దుకాణం మేనేజర్ మా ఇంటి వెనక దర్వాజకెల్లి వచ్చిండు. మద్రాసాయన, తెలుగు రాదు, ఉర్దూ రాదు. నాయిన నన్ను పిలిచి, "బిడ్డా, మన గోదాం కిరాయికిస్తనని ఇంగ్లీషుల చెప్పు. బంద్ రెండు దినాలల్ల సల్లవడ్తదని గూడ చెప్పు" అన్నడు.

నాయిన అన్నది అన్నట్టే ఇంగ్లీషుల చెప్పిన.

"గీ మాట బయటవడ్డదంటే సూడు" అని నాయిన నా చెయ్యి గట్టిగ పట్టిండు. ఇంకా నొస్తుంది.

సాయంత్రం మా పక్క దుకాణం రహీం చాచా రేపు బంద్‌ల పట్టుకునేతందుకు అట్ట పట్టుకొచ్చిండు. "బేటీ, మా ఫర్హానా రాత కోడి గెలికినట్టుంటది. నువ్వు రాయి, మద్రాసోనికి సమజ్ కావాలె" అని నవ్విండు. నేను నాయిన దిక్కు చూసిన.

"మంచిగ పెద్దపెద్ద అక్షరాలల్ల రాయి బిడ్డా" అన్నడు నాయిన.

'గో బ్యాక్' అని రాసిన. చాచా నా తల మీద చెయ్యి పెట్టి దువా ఇచ్చిండు.

ఫర్హానాకు చెప్తే నాయినను బజార్ల నిలవెడ్తరు. చెప్పకపోతే చాచా దుకాణం...

పొద్దుగాల ఫర్హానా బడికి పిలవనొస్తది. నాకు జరమొచ్చిందని చెప్పమని అమ్మను అడిగిన. అమ్మ సరే అన్నది. ఎందుకని అడగలే. నా మొఖం గూడ చూడలే.

అంటే అమ్మకు గూడ ముందే ఎరుకనా?