సృజన బదులు నేను కూర్చున్న తొమ్మిది రోజులు

జిల్లా నైపుణ్య శిక్షణ అధికారి గారి సముఖమునకు, ఆదిలాబాద్.

బోథ్ మండల నివాసి, వ్యవసాయదారుడు, ముత్యాల హనుమంతు, వయసు డెబ్బయి ఒకటి, వ్రాయించుకొన్న అర్జీ.

విషయం: కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో పద్నాలుగు మంది ఆడపిల్లల పేర్లు కొట్టివేయడం గురించి, వాటిని పరీక్షకు ముందే మళ్లీ ఎక్కించడం గురించి.

అయ్యా,

నేను రెండో తరగతి దాకా చదివినవాడిని. నేను చెబుతుంటే నా మనుమరాలు సృజన కొడుతున్నది. పంచాయతీ కార్యదర్శి భోజనానికి పోయిన సమయంలో ఆయన కంప్యూటరు మీదనే కొడుతున్నది. మాటలలో తప్పులుంటే నావి, అక్షరాలు చక్కగా ఉంటే ఆమెవి. మీరు పేరు కొట్టేసిన పిల్లకు ఇంత పని వచ్చునని తమరికి తెలియాలనే ఇట్లా పంపుతున్నాను.

1. గత జూలై నెలలో మా ఊరి పాత విత్తనాల గోదాములో సదరు కేంద్రం ప్రారంభమైనది. రిబ్బను కత్తిరించింది తమరే. గోదాము ప్రభుత్వానిదని, కంప్యూటర్లు కంపెనీవని, పిల్లలు ఊరివాళ్లని, ఇది ముగ్గురి భాగస్వామ్యమని తమరు మైకులో చెప్పినారు. ముందు వరుసలో కూర్చొని విన్నాను. మా దగ్గర ఇట్లా కలిసి చేసేదాన్ని పాలుకు చేయడం అంటాము. ఒకరిది భూమి, ఒకరిది విత్తనం, ఒకరిది రెక్కల కష్టం. ఆ రోజు నుంచి నేను కూడా పాలుదారునే అనుకున్నాను. తమరు కాదనలేదు.

2. దీపావళి దాటినాక చేనంతా పత్తి పగిలింది, పైన మబ్బులు పట్టినవి. తడిస్తే పత్తి రంగు మారుతుంది, కొనేవాడు ముఖం తిప్పుకుంటాడు. కూలీలు దొరకలేదు. పిల్లలు చేనుకు పోకపోతే ఇల్లు నడవదు, చేనుకు పోతే హాజరు పోతుంది. హాజరు వందకు డెబ్బయి అయిదు లేకపోతే పరీక్ష లేదట. ఇటువంటి ఇబ్బందికి మా ఊళ్లో ఒక పద్ధతి ఉన్నది. పనికి ఒప్పుకున్న మనిషి రాలేకపోతే అదే ఇంటి నుంచి బదులు ఇంకొకరు వస్తారు. పని ఆగదు, మాట పోదు. నాకు తెలివి వచ్చినప్పటి నుంచి దీన్ని తప్పు అన్నవాడు లేడు. ఆ ప్రకారమే పద్నాలుగు ఇండ్ల ముసలివాళ్లం పోయి పిల్లల కుర్చీలలో కూర్చున్నాము.

3. దొంగతనంగా కూర్చోలేదు. కేంద్రం మేనేజరు ఓంప్రకాశ్ గేటు దగ్గరే అడిగినాడు.

“ఏంది తాతా, ఊరి ముసలోళ్లందరు గిట్ల వచ్చిన్రు?”

“పిల్లలు పత్తి ఏర పోయిన్రు. బదులు మేం వచ్చినం.”

ఆయన తల గోక్కున్నాడు. “సరే, కుర్చీలైతే నిండాలె. ఫొటో తీసేటప్పుడు జర తలకాయలు కిందికి వంచున్రి.”

రోజూ పది గంటలకు ఫొటో తీసి కంపెనీకి పంపడం అక్కడి నియమం. తొమ్మిది రోజులు మా ఫొటోలే పోయినవి. కంపెనీవాళ్లు తలలు లెక్కపెట్టుకున్నారు గాని వెంట్రుకల రంగు చూడలేదు. “సృజన” అని పిలిస్తే నేను లేచి “ఉన్న” అన్నాను. “వినోద” అంటే మా పక్కింటి లింగవ్వ లేచింది. వినోద ఆమె మనుమరాలు.

4. ఉత్తగా కూర్చోలేదు. కంప్యూటరు నేర్పే మేడం చెప్పింది విన్నాము. లింగవ్వ రెండు రోజులకే మౌసు తిప్పడం నేర్చి నాకే చెప్పడం మొదలుపెట్టింది.

“ఓ హనుమంతన్నా, నాగలి వట్టినట్టు గట్టిగ వట్టకు. అది ఏడికి పోదు.”

“నీ పని నువ్వు చూసుకో, లింగవ్వా.”

“నా పని అయిపోయింది. నీదే అక్కడ్నే ఉన్నది.”

సాయంత్రం పిల్లలు చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే ఆ రోజు పాఠం చెప్పినాము. నేను మరిచిపోయింది లింగవ్వ గోడ అవతలి నుంచి అందించింది. కాబట్టి హాజరు పోయిందేమో గాని పాఠం పోలేదు.

5. పదో రోజు కంపెనీ పెద్దసారు తనిఖీకి వచ్చినాడు. నా పేరు అడిగినాడు. తొమ్మిది రోజుల అలవాటు కదా, “సృజన” అన్నాను. ఆయన నా మీసం వైపు చూసినాడు. ఓంప్రకాశ్ అప్పుడు ఏమన్నాడో వినండి: “నాకేం తెలువది సార్. వీళ్లకు వీళ్లే వచ్చి కూసున్నరు.”

6. ఆ సాయంత్రమే గోడకు కాగితం అంటించినారు. పద్నాలుగు పేర్ల మీద ఎర్రగీత, పక్కన కారణం: మోసం. ఆ మాటను ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కొని చదివినాను. డెబ్బయి ఒక్క ఏండ్లలో నా ముఖం మీద ఎవడూ అనని మాట. సృజన పత్తి సంచి దించి, “పోనీ తాతా, రేపు సుత చేనుకే పోత తియ్” అన్నది. ఏడ్చినా బాగుండు. ఏడవలేదు. అయ్యా, ఇంటింటికీ తిరిగి ముసలివాళ్లను లేపింది నేను. పేరు కొట్టాలంటే నాది కొట్టండి. నా పేరు మీ రిజిస్టరులో లేదంటారా, ముందు ఎక్కించి తరువాత కొట్టండి.

7. కావున ఇరవయ్యో తారీఖు పరీక్షకు పద్నాలుగు మందినీ కూర్చోబెట్టవలెను. పరీక్షలో తప్పితే నేను మళ్లీ నోరెత్తను. పాసయితే కరీంనగర్‌లో ఉద్యోగానికి పిలుస్తామని కంపెనీ చెప్పిన మాట నిలబెట్టుకోవలెను. వచ్చే ఏడు పత్తి ఏరే రెండు నెలలు క్లాసు సాయంత్రం పెట్టించవలెను. పాలుకు చేసేవాడు మబ్బు కూడా చూడాలి, రిజిస్టరు ఒక్కటే చూస్తే కాదు.

చిత్తగించవలెను. చిత్తగించి బీరువాలో పెట్టవద్దు.

తమ విధేయుడు
(ఈ మాట లేకపోతే అర్జీ చెల్లదని సృజన అంటే పెట్టించాను)
ముత్యాల హనుమంతు

మరిచిన ముచ్చట: సృజన చేనుకు మళ్లింది. గీ ముక్క నేనే ఒక్క వేలితోని కొడుతున్న. కార్యదర్శి సారు తిని వచ్చి నా ఎనక నిలబడి చూస్తుండు. చూడనీ. ఇగ ఆఖరి ఏరుడు నడుస్తుంది, అయిపోతే పిల్లలు వాళ్ల కుర్చీలల్ల వాళ్లు కూసుంటరు. అయితే మూలకు ఇంకో రెండు కుర్చీలు ఎయ్యమని లింగవ్వ అడుగుతుంది. నాకైతే అక్కెర లేదు. ఆమె పక్కన ఎవలన్న ఉండాలె గద.