రికార్డులోని ఆ ఒక్క దెబ్బ

రమణన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నిన్న మైపాడులో మన పాటల పార్టీ పాడింది. మద్రాసు వెళ్లి మనం పాడి ఇచ్చిన గ్రామఫోను రికార్డు ఇప్పుడు మైపాడు టీకొట్టులో రోజూ మోగుతోంది. రెండో చరణంలో నీకు దగ్గొస్తే, అది వినబడకూడదని డోలక్ మీద గట్టిగా ఒక దెబ్బ వేశానే, జనానికి అదే నచ్చిందట. సంతోషించాలో ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

నీ బదులు వచ్చిన గాయకుడు చక్కగానే పాడాడు. అయినా వల పక్కన పెట్టి వచ్చిన ఒక పెద్దాయన లేచి, "రికార్డులో దెబ్బ యాడికి పోయిందబ్బయ్యా? మళ్లా పాడండి" అన్నాడు.

మళ్లీ పాడాం. రెండో చరణంలో చెయ్యెత్తి కాచుకున్నాను. అతను దగ్గలేదు. ఎక్కడ కొట్టాలో నాకు తెలియలేదన్నా.