వదినకు చెప్పిన అబద్ధం

అన్నా,

నువ్వు పోయి రేపటికి రెండేండ్లు. ఇప్పుడే ఉప్పల్ దవాఖానా నుంచి ఇంటికొచ్చిన. పానమంత అలిసిపోయింది, అయినా నీకు జెప్పాలె.

మూడు నెలల సంది నాకు దొడ్డికి పోతే రక్తం పడ్తుండె. మొలలే అనుకొని, నీ లెక్కనే మెడికల్ షాపు గోలీలు మింగుకుంట నాచారంల డ్యూటీకి పోయిన. వదినకు తెల్వంగనే కంపెనీ గేటు కాడికొచ్చింది.

"మీ అన్న గూడ మొలలనే అన్నడు. నడువ్."

పెద్దపేగుల కెమెరా ఏసి చూసిన్రు. గడ్డ ముక్క దీసి పరీక్షకు పంపిన్రు. క్యాన్సరే. ఎందాక పాకిందో చూడనీకె స్కాన్ దీసిన్రు.

ఇయ్యాల డాక్టర్ జెప్పిండు: "లివర్‌కి పాకలేదు. రెండో స్టేజీలోనే ఉంది, ఆపరేషన్ చేద్దాం."

నీకు మొదటి స్కాన్‌లనే లివర్ నిండ మచ్చలుండె.

బయట బెంచీ మీద కూసున్నంక వదిన మెల్లగ అడిగింది: "ఆయన్ని గూడ ముందుగాల తోల్కొస్తే బతుకుతుండెనా?"

"అన్నది వేరే రకం వదినా. ఎప్పుడు తెచ్చినా గంతే," అన్న.

ఆమె "గట్లనా" అని, కొంగుతోని మొఖం తుడుసుకున్నది.

మన ఇద్దరిది ఒకటే రోగం అన్నా. ఆమెకు మాత్రం ఎన్నడు చెప్ప.